ఖాళీ ట్యూబులో ఈస్ట్

ఖాళీ ట్యూబులో ఏమీ ఉండకూడదు. అందులో శాంపిల్ వేయం. శుభ్రమైన నీళ్లు మాత్రం పోసి, మిగతా ట్యూబులకు చేసే పనులన్నీ దానికీ చేసి, వాటితో పాటే పరీక్షకు పంపిస్తాం. ల్యాబ్‌లో దాన్ని బ్లాంక్ అంటారు. మన చేతుల్లోంచో గాల్లోంచో మందు సీసాల్లోంచో ఏదైనా కలిసిపోతే అది అక్కడ పట్టుబడుతుంది. ఆ డిసెంబర్‌లో నా బ్లాంక్‌లో ఈస్ట్ పట్టుబడింది. అదీ, ట్యాంకులో దొరికిందని నేను అప్పటికే గొప్పగా గ్రాఫ్ గీసి అందరికీ చూపించిన ఈస్టే.

అప్పటికి ఉద్యోగంలో చేరి మూడు నెలలు. రాజమండ్రిలో మైక్రోబయాలజీ చదివాను. పెళ్లయ్యాక అమెరికాలో బెంటన్‌విల్ వచ్చి, ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఏడేళ్లు ఇంట్లో ఉన్నాను. వర్క్ పర్మిట్ చేతికొచ్చిన నెలలోనే ఒక యూనివర్సిటీ ప్రాజెక్టులో టెక్నీషియన్ పోస్ట్ కనిపిస్తే అప్లై చేశాను. ఈ ఏడేళ్లూ ఏం చేశావని అడుగుతారేమోనని రెండు రోజులు జవాబు తయారు చేసుకుని ఇంటర్వ్యూకి వెళ్లాను. ఎవరూ అడగలేదు. దుర్వాసన భరించగలవా అని మాత్రం అడిగారు.

వాసన ప్లాంటుది. ఊరి నుంచి ముప్పావుగంట డ్రైవ్ చేస్తే, ఆవుల ఫారాల మధ్య ఉంటుంది. స్టోర్లలో డేటు దాటిపోయిన తిండి ట్రక్కుల మీద అక్కడికి వస్తుంది. పెరుగు డబ్బాలు, కోసిన పుచ్చకాయ ముక్కల బాక్సులు, సలాడ్ సంచులు, కేకులు. ఒక పెద్ద మిషన్ ప్యాకింగ్‌ని చీల్చి, ప్లాస్టిక్‌ని ఒక పక్కకీ తిండిని ఇంకో పక్కకీ తోస్తుంది. ఆ తిండిని జావలా చేసి, ఆవుల పేడతో కలిపి, గాలి చొరబడని ట్యాంకులోకి పంపు చేస్తారు. లోపల మన ఒంటి వేడంత వెచ్చగా ఉంటుంది. ఆక్సిజన్ ఉండదు. అందులో బతికే సూక్ష్మజీవులు ఆ జావను విరగ్గొట్టి, విరగ్గొట్టి, చివరికి మీథేన్ గ్యాస్‌గా మారుస్తాయి. ఆ గ్యాస్‌తో కరెంటు తీస్తారు.

ఆ పని చేసేవి బాక్టీరియా, వాటితో పాటు ఆర్కియా అనే ఇంకో జాతి జీవులు. నేను చదువుకున్నది అంతే. మా ప్రాజెక్టు మాత్రం శిలీంద్రాల గురించి, అంటే బూజులూ ఈస్టులూ వాటి చుట్టాల గురించి. గాలి లేని ట్యాంకులో అవి ఏమైనా పని చేస్తున్నాయా, లేక తిండితో పాటు ఊరికే వచ్చి చచ్చిపోతున్నాయా? మా బాస్ మొదటి రోజే చెప్పింది. ఆమె యాభై ఏళ్ల ప్రొఫెసర్, తక్కువ మాట్లాడే మనిషి.

"ట్యాంకుల్లో బాక్టీరియా గురించి బీరువాల నిండా రాశారు. వీటి గురించి రాసినది ఒక సొరుగు కూడా నిండదు. ఎందుకంటే వీటికి అక్కడ పనేమీ లేదని అందరూ ముందే అనుకున్నారు. అది నిజమే కావచ్చు కూడా."

నా పని ప్రతి మంగళవారం ప్లాంటుకి వెళ్లి శాంపిల్ తేవడం. అందులోంచి డిఎన్ఏ తీసి ఇంకో రాష్ట్రంలో ఉన్న సెంటర్‌కి పంపిస్తే, ఏ జాతులు ఎంతెంత ఉన్నాయో మూడు వారాలకు లిస్టు వచ్చేది.

ప్లాంటులో నాకు తెలిసిన మనిషి ఒక్కడే, ట్యాంకును చూసుకునే ఆపరేటర్. అరవై దాటినవాడు. ముప్పై ఏళ్లు సొంత డెయిరీ నడిపి, ఆవుల్ని అమ్మేసి ఈ పనిలోకి వచ్చాడు. ట్యాంకును కూడా ఆవులాగే చూసేవాడు. నేను బూట్లు తొడుక్కుంటుంటే వచ్చి, "ఇవాళ దానికి కడుపు బాగుంది" అనో, "పొద్దున్నించీ ముభావంగా ఉంది" అనో చెప్పేవాడు. నవంబర్‌లో ఒక మంగళవారం, "కడుపుబ్బరం" అన్నాడు.

ట్యాంకు గోడకు పైన ఒక చిన్న గాజు కిటికీ ఉంటుంది. మెట్లెక్కించి చూపించాడు. లోపల నురగ. మామూలుగా నల్లగా నెమ్మదిగా తిరిగే జావ కనిపించాల్సిన చోట, కిటికీ అంచుదాకా గోధుమరంగు నురగ. అది గ్యాస్ పైపులోకి ఎక్కితే అన్నీ ఆపేసి కడగాలట. గ్యాస్ అప్పటికే తగ్గింది. "నీ కంప్యూటర్ ఏమంటోంది?" అని అడిగాడు. తెలీదు, మూడు వారాలు ఆగాలన్నాను. ఆవుకి ఉబ్బరం వస్తే మూడు వారాలు ఆగితే చచ్చిపోతుంది అన్నాడు. కోపంగా అనలేదు.

మూడు వారాలకు లిస్టు వచ్చింది. నవంబర్ శాంపిళ్లలో ఒక ఈస్ట్ అమాంతం పెరిగి ఉంది. సెప్టెంబర్‌లో ఉందా లేదా అన్నట్టున్నది, శిలీంద్రాల్లో సగానికి పైగా అదే అయింది. నురగ ఎప్పుడెప్పుడు ఎంతెత్తు ఉందో ఆపరేటర్ పుస్తకంలో రాసి ఉంచాడు. ఆ లెక్కలు తెచ్చి పక్కపక్కనే గీశాను. రెండు గీతలూ చేతులు పట్టుకుని మెట్లెక్కినట్టు వచ్చాయి. ఏడేళ్ల తర్వాత నా చేతిలోంచి అలాంటి బొమ్మ వచ్చేసరికి నాకు నిజంగా కళ్లు తిరిగాయి. మీటింగ్‌లో చూపించాను. అందరూ ముందుకి వంగి చూశారు. మా బాస్ మాత్రం ఒకే మాట అడిగింది.

"బ్లాంక్ చూశావా?"

చూశాననుకున్నాను. చూడలేదు. సీటుకొచ్చి ఫైల్ తెరిస్తే, అదే ఈస్ట్ ఖాళీ ట్యూబులో కూర్చుని ఉంది. ట్యాంకులో ఉన్నంత లేదు. కానీ ఉంది.

ఆ రోజు ఇంటికి డ్రైవ్ చేస్తూ రావాల్సిన ఎగ్జిట్ దాటిపోయాను. ట్యాంకులో నిజంగా ఈస్ట్ పెరిగిందా? లేక నా చేతుల్లోంచే అన్ని ట్యూబుల్లోకీ పోయిందా? నా చేతుల్లోకి ఎక్కణ్నించి వచ్చింది? ఆలోచిస్తూ గరాజ్ తలుపు తీసి వంటింట్లోకి అడుగు పెట్టాను. పులిసిన పిండి వాసన వచ్చింది.

మా అత్తమ్మ అక్టోబర్‌లో కరీంనగర్ నుంచి ఆరు నెలలకని వచ్చింది. అంతకుముందు మా ఇంట్లో ఇడ్లీ అంటే ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన పిండే. చలికాలంలో ఇంట్లో రుబ్బితే పులిసేది కాదు. ఆవిడొచ్చిన వారానికే ఆ సంగతి మారిపోయింది. మినప్పప్పు నానేసి, రుబ్బి, మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపి, గిన్నెను ఓవెన్‌లో లైటు వేసి ఉంచేది. చెయ్యి పెట్టి కలపకపోతే పిండి పొంగదని ఆవిడ నమ్మకం. పొద్దున్నకి మూత ఎత్తుకుని బయటికి వచ్చేది పిండి. ఆ పిండిని ప్లేట్లలో వేసేది నేను. అదే స్వెటర్‌తో ల్యాబ్‌కి వెళ్లేదాన్ని.

మర్నాడు మా బాస్‌కి చెప్పాను. చెప్పడానికి ముందు బాత్రూమ్‌లో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఆ పిండి కొంచెం తీసుకురా. అన్నిటికంటే ఆఖరున, వేరే గదిలో డిఎన్ఏ తీయి" అంది.

ఒక చిన్న స్టీలు డబ్బాలో పిండి పెడుతుంటే అత్తమ్మ చూసింది.

"మధ్యాన్నానికి దోసెలు పోసుకుంటవా ఆఫీసుల?"

"లేదత్తమ్మా. టెస్ట్ చేయడానికి."

"ఏం టెస్ట్?"

నేను ఎలా చెప్పాలో తెలియక తప్పుగా చెప్పాను. ట్యాంకులో కనిపించేదే మన పిండిలోనూ ఉందేమో చూడాలి అన్నాను. ఆవిడకు ట్యాంకు సంగతి తెలుసు. పాడైన తిండీ పేడా కలిపి మురగబెడతారని నేనే చెప్పాను.

"నా పిండిల పెంట ఉన్నదా అని సూస్తవా?" అంది.

"అలా కాదత్తమ్మా. నా చేతికంటుకుని ఇక్కణ్నించి అక్కడికి వెళ్లిందేమోనని."

"అరవై ఏండ్ల సంది కలుపుతున్న పిండి. ఎవ్వలకూ రోగం రాలే."

"రోగమని నేనన్లేదు."

ఆవిడ గిన్నె మూత పెట్టి లోపలికి వెళ్లింది. మా ఆయన ల్యాప్‌టాప్ ముందు హెడ్‌సెట్ పెట్టుకుని ఏదో కాల్‌లో ఉన్నాడు. చెవి మీది నుంచి ఒక పక్క తీసి "ఏమైంది" అన్నాడు. ఏమైందో నాకూ సరిగ్గా తెలియలేదు.

ఎక్కువ డబ్బు కట్టి అర్జెంటుగా చేయించాం కాబట్టి, పిండి రిజల్ట్ వారానికే వచ్చింది. అదే ఈస్ట్. లేక అదే అనిపించేంత దగ్గరది. మేము చేసే పరీక్ష జాతిదాకా చెప్తుంది, అంతకంటే లోపలికి వెళ్లదు. ఇంటిపేరు ఒకటే అని తెలుస్తుంది, మనిషి ఒకరేనా అన్నది తెలియదు. పైగా ఆ జాతి ఎక్కడైనా ఉండేదే. బ్రెడ్డులో ఉంటుంది, పండ్ల మీద ఉంటుంది.

ఇక నేను గట్టిగా నిర్ణయించుకున్నాను. రెండు వారాలు ఇంట్లో పిండి రుబ్బొద్దని అత్తమ్మను అడిగాను. ల్యాబ్‌కి వేరే బట్టలు పెట్టుకున్నాను. పాత మందు సీసాలన్నీ పారేసి కొత్తవి తెరిచాను. ఇంట్లో పొద్దున్నే ఉప్మా. రెండు వారాలు ఉప్మా, మధ్యలో అటుకులు. అత్తమ్మ తనే చేసేది, రుచిగానే చేసేది. కానీ ప్లేటు నా ముందు పెట్టేటప్పుడు "ఇందుల ఏం లేదు, తిను" అనేది. మా ఆయన తలెత్తకుండా తినేవాడు.

అర్జెంటుగానే చేయించిన తర్వాతి రిజల్ట్‌లో బ్లాంక్ శుభ్రంగా ఉంది. ట్యాంకు శాంపిళ్లలో మాత్రం ఈస్ట్ అలాగే ఉంది.

నేను పరుగున వెళ్లి మా బాస్‌కి చెప్పాను. ట్యాంకులో ఉన్నది నిజమే, ఖాళీ ట్యూబులోది మా ఇంటి పిండి వల్ల వచ్చింది అన్నాను. ఆమె కాగితం అందుకుని చూసింది.

"మొదటిది ఒప్పుకుంటాను. రెండోది ఎలా తెలుసు?"

"పిండి ఆపేశాక పోయింది కదా."

"పిండి ఆపావు, బట్టలు మార్చావు, మందులు మార్చావు. మూడూ ఒకే రోజు."

నాకు అప్పుడు తట్టింది. ఒక్కొక్కటే మార్చి ఉంటే తెలిసేది. ఇప్పుడు మూడింట్లో తప్పు దేనిదో ఎప్పటికీ తెలియదు. పారేసిన సీసాల్లో కూడా ఉండి ఉండొచ్చు. ట్యాంకు శాంపిళ్లూ బ్లాంకూ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక చుక్క చింది ఉండొచ్చు కూడా. రెండు వారాలు ఒక పెద్దావిడను నేరస్తురాలిలా ఉంచి, చివరికి నేరం రుజువు చేయలేకపోయాను. నేరం లేదనీ రుజువు చేయలేకపోయాను.

ఇంటికి వచ్చి, "అత్తమ్మా, రేపటికి పప్పు నానేద్దామా?" అన్నాను.

"నాది కాదని తేలిందా?"

"తేలలేదు."

"నాదే అని తేలిందా?"

"అదీ తేలలేదు."

ఆవిడ "గిదేం సదువు బిడ్డా" అని, డబ్బాలోంచి మినప్పప్పు కొలిచి పోసింది. ఈసారి చెయ్యి పెట్టకుండా గరిటెతో కలిపింది. చెయ్యే పెట్టండి అని చెప్పడానికి నోరు రాలేదు. పొద్దున్న పిండి మామూలుగానే పొంగింది.

ట్యాంకులో ఈస్ట్ నిజమే అయితే, అది బతికుందా అన్నది మిగిలింది. డిఎన్ఏ చచ్చినవాటిలోనూ ఉంటుంది. అందుకని శాంపిల్‌ని, సూక్ష్మజీవులకు తిండి కలిపిన అగర్ అనే జెల్లీ పోసిన ప్లేట్ల మీద పూసి, కొన్ని బయట, కొన్ని ఆక్సిజన్ తీసేసిన జాడీలో మూతపెట్టి పెంచాను. బయట పెట్టినవాటి మీద రెండు రోజులకే తెల్లటి చుక్కలు కిక్కిరిసి వచ్చాయి. జాడీలో ఐదారు వచ్చాయి, చిన్నవి. బతికున్నాయన్నమాట అనుకున్నాను. కానీ ప్లేటు మీద చక్కెర దొరికాక లేచి పెరగడం వేరు, ట్యాంకులో ఉండగా పని చేస్తూ ఉండడం వేరు. అక్కడ నిద్రపోతూ కూర్చుని, ఇక్కడికి వచ్చాక లేచి ఉండొచ్చు. ప్రతి జవాబు కింద ఇంకో ప్రశ్న కనిపించేది. రోజూ లిఫ్టులో దిగేటప్పుడు, ఇవాళ్టికి నాకు నిన్నటికంటే తక్కువ తెలుసు అనిపించేది.

అసలు సంగతి ఒకటి ఆపరేటర్ మాటల్లో బయటపడింది. జనవరిలో ఒక మంగళవారం, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, శాంపిల్ తీసే పైపు దగ్గర ఇద్దరం నిలబడ్డాం. ముందు వచ్చే జావను బకెట్‌లోకి వదిలి, తర్వాత సీసా పట్టాలి.

"నిన్న మళ్లీ పిండి ముద్దలొచ్చాయి. మిషన్‌కి చుట్టుకుపోయి చంపేశాయి" అన్నాడు.

"ఏం పిండి ముద్దలు?"

"బ్రెడ్డు ఫ్యాక్టరీ నుంచి. కాల్చని పిండి. ఆకారం సరిగ్గా రానివన్నీ సంచుల్లో పంపిస్తారు."

"ఎప్పటినుంచి వస్తున్నాయి?"

"నవంబర్ మొదలు. ప్రతి సోమవారం."

సీసా పొంగి నా గ్లౌజు మీదుగా కారుతోంది, నేను పైపు కట్టేయలేదు. కాల్చని బ్రెడ్డు పిండి అంటే అంతా బతికున్న ఈస్టే. సోమవారం అది ట్యాంకులో పడుతోంది, మంగళవారం నేను వచ్చి సీసా పడుతున్నాను. మూడు నెలలుగా నేను చూసింది ట్యాంకులో కాపురముంటున్న జీవుల్ని కాదేమో. నిన్న దిగిన చుట్టాల్నేమో.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. గొంతు కొంచెం పెరిగింది.

"నువ్వడగలేదు" అన్నాడు. "నువ్వు జావ అడిగావు, ఇచ్చాను. అది ఏం తిందని ఎప్పుడూ అడగలేదు. ఆవుకి జబ్బు చేస్తే నేను మొదట అడిగేది అదే."

ఆ తర్వాత నెల రోజులు వారానికి రెండుసార్లు వెళ్లాను, మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి. ఆ నాలుగు వారాల్లో మూడింట శుక్రవారానికల్లా ఈస్ట్ బాగా పడిపోయింది. ట్యాంకులో పోసింది మొత్తం బయటికి రావడానికి చాలా రోజులు పడుతుంది కాబట్టి, అంత తొందరగా తగ్గిందంటే అది లోపలే చచ్చిపోతోందని అర్థం. ఒక వారం మాత్రం తగ్గలేదు. ఎందుకో తెలియదు. ఆ వారం ట్రక్కు ఏమైనా ఆలస్యంగా వచ్చిందా అని ఆపరేటర్ పుస్తకం చూశాం, రాలేదు.

ఆ నెల గడిచాక ఆయన నా రిపోర్టు కోసం ఆగలేదు. పిండి ముద్దల్ని ఒకేరోజు వేయడం మానేసి, పేడ ఎక్కువ కలిపి రోజూ కొంచెం కొంచెంగా వేయడం మొదలుపెట్టాడు. ఫిబ్రవరి ఆఖరుకి నురగ దిగింది. కిటికీలో నల్లటి జావ కనిపించింది. గ్యాస్ పెరిగింది. ఈస్ట్ కూడా తగ్గింది. నురగ ఈస్ట్ వల్లే వచ్చిందా? గోధుమపిండిలో ఉండే జిగురు వల్ల కూడా నురగ వస్తుంది. ఈస్టూ జిగురూ ఒకే సంచిలో వచ్చాయి, ఒకే సంచితో తగ్గాయి. వాటిని విడదీయడానికి మా దగ్గర దారి లేకపోయింది.

లిస్టు కింద ఎక్కడో ఇంకొకటి ఉండేది. దానికి పేరు లేదు, గుర్తు తెలియని శిలీంద్రం అని మాత్రం ఉండేది. చాలా కొద్దిగా. నేను మొదట్లో దాన్ని పట్టించుకోలేదు. రిపోర్టు రాసేటప్పుడు అన్ని వారాల లిస్టులూ వరసగా పరిస్తే అది సెప్టెంబర్‌లో ఉంది, నవంబర్‌లో ఉంది, ఫిబ్రవరిలో ఉంది. సోమవారం ట్రక్కు వచ్చినా రాకపోయినా ఒకేలా ఉంది. బ్లాంక్‌లో లేదు, మా ఇంటి పిండిలో లేదు. పేడలో వెతికాను, లేదు. మా బాస్‌ని పిలిచి చూపించాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది లోపలే ఉంటోందేమో" అంది.

"ఏం చేస్తూ?"

"నాకు తెలియదు."

ఆమె నోట ఆ మాట అంత తేలిగ్గా రావడం నాకు వింతగా అనిపించింది. దాన్ని ప్లేట్ల మీద పెంచడానికి నెలన్నర ప్రయత్నించాను. ఏ తిండి పెట్టినా రాలేదు. రిపోర్టులో చివరికి రెండు వాక్యాలు రాశాను. ఈస్ట్ పెరగడానికి బ్రెడ్డు పిండి కారణం కావచ్చని ఒకటి. ట్యాంకులో శిలీంద్రాల పాత్ర స్పష్టంగా తెలియదని ఇంకొకటి. ఆ రెండో వాక్యాన్ని నాలుగుసార్లు కొట్టేసి, ఐదోసారి అలాగే ఉంచాను.

ఏప్రిల్‌లో అత్తమ్మ వెళ్లిపోయే వారం, "నీ ట్యాంకు ఒక్కపారి సూపియ్యి" అంది. నేను ఆశ్చర్యపోయాను. శాంపిల్ రోజున కార్‌లో తీసుకెళ్లాను. ఆపరేటర్ ఆవిడకు హెల్మెట్ ఇచ్చి, చీర కుచ్చిళ్లు తగలకుండా మెట్ల మీది పైపును పక్కకి జరిపి, తనే ముందు నడిచి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ గాజుకు ముఖం ఆనించి చూసింది. జావ నెమ్మదిగా తిరుగుతోంది. ఒక బుడగ లేచి పగిలింది.

"గాలి లేకుంట ఎట్ల బతుకుతయ్ బిడ్డా?"

తెలుగులో నాకు తెలిసినంత చెప్పాను. కొన్నిటికి గాలే విషమనీ, కొన్ని గాలి ఉన్నా లేకపోయినా నెట్టుకొస్తాయనీ. ఆవిడ తలూపింది.

"నువ్వు దేవులాడేది ఇందుల ఏం పని చేస్తది?"

"తెలీదత్తమ్మా."

"మరి చలికాలమంత ఏం జేసినవ్?"

ఆవిడ ఏమంటోందని ఆపరేటర్ అడిగాడు. ఇంగ్లీష్‌లో చెప్పాను. ఆయన టోపీ సర్దుకుని, ముప్పై ఏళ్లు ఆవుల్ని పెంచాక కూడా వాటి కడుపులో ఏం జరుగుతుందో తనకూ తెలియదని చెప్పమన్నాడు. చెప్పాను. ఆవిడ ఆయన వైపు తిరిగి, ఎన్ని పాలిచ్చేవో అడగమంది. ఆయన చెప్పిన గ్యాలన్లను లీటర్లలోకి మార్చడానికి నాకు కొంచెంసేపు పట్టింది. వాళ్లిద్దరూ ఎండలో మెట్ల మీద నిలబడి నా జవాబు కోసం చూశారు.